పదో తరగతి బ్యాచ్ నలభై ఏళ్ల తర్వాత మళ్లీ కలిస్తే

పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులన్నిటిదీ దాదాపు ఒకే జాతకం. పెట్టిన వారం రోజులు పండగే. "ఒరేయ్, నువ్వట్రా!" అనే పలకరింపులు, నెరిసిన తలల సెల్ఫీలు, లెక్కల మాస్టారి బెత్తం కబుర్లు. రెండో నెలకి గుడ్ మార్నింగ్ పువ్వులు, దేవుడి బొమ్మలు మొదలవుతాయి. ఆర్నెల్లకి ఎవరో ఒక రాజకీయ వీడియో పెడతారు, ఇంకొకరు ఘాటుగా జవాబిస్తారు, ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోతారు, అడ్మిన్ దండం పెట్టే బొమ్మ పెట్టి ఊరుకుంటాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. మళ్లీ ఫోను మోగేది ఎవరికో గుండెపోటు వచ్చిందన్నప్పుడో, ఎవరింట్లోనో పెళ్లి కుదిరినప్పుడో.

ఇదంతా చూసి "ఈ గ్రూపులన్నీ టైంపాస్" అని తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఊళ్లో మనిషికి ఉండే గుంపులన్నీ కులం, చుట్టరికం, ఉద్యోగం, పార్టీ, వీటిలో ఏదో ఒకదాని మీద ఏర్పడినవే. ఒక్క పదో తరగతి బ్యాచ్ మాత్రమే వీటి వేటితోనూ సంబంధం లేకుండా తయారైంది. దాని విలువ అక్కడే ఉంది, దాని తగాదాలూ అక్కడే ఉన్నాయి.

ఇంటర్ కాదు, డిగ్రీ కాదు, పదే ఎందుకు?

మెడికల్ కాలేజీల వాళ్లు, ఇంజినీరింగ్ వాళ్లు కూడా సిల్వర్ జూబ్లీలు చేసుకుంటారు. కానీ సంక్రాంతికి కోస్తాలో, దసరాకి తెలంగాణలో ఊరి సెంటర్లో కట్టే ఫ్లెక్సీల మీద ఎక్కువగా కనిపించేది పదో తరగతి బ్యాచే. కారణం జిల్లా పరిషత్ హైస్కూలు. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చాక పల్లెల్లోని హైస్కూళ్లు చాలావరకు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకి కలిపి ఒకటే హైస్కూలు. రైతు కొడుకు, కూలీ కూతురు, కరణంగారి మనవడు, పోస్ట్‌మాస్టరు గారమ్మాయి, హాస్టల్ పిల్లలు అందరూ ఒకే గదిలో కూర్చున్నారంటే అది ఎవరి ఆదర్శమూ కాదు, ఇంకో బడి లేదు కాబట్టి.

పది అవగానే ఎవరి దారి వాళ్లది. ఒకడు గుంటూరో విజయవాడో వెళ్లి ఎంపీసీలో చేరాడు. ఒకడు ఐటీఐకి, ఒకడు పాలిటెక్నిక్‌కి వెళ్లాడు. ఒకడు నాగలి పట్టాడు. ఒకమ్మాయికి పరీక్షలైన వేసవిలోనే ముహూర్తం పెట్టారు. డిగ్రీలో పక్కన కూర్చున్నవాళ్లు అప్పటికే మార్కుల్ని బట్టో డబ్బుని బట్టో వేరుపడి వచ్చినవాళ్లు. అందుకే ఒక ఇంజినీరు ఫోన్లో ఆటో నడిపే స్నేహితుడి నంబరు, రోజూ కూలికి వెళ్లే స్నేహితురాలి నంబరు ఉన్నాయంటే అవి పదో తరగతి నుంచి వచ్చినవే అయ్యుంటాయి.

అయితే ఆ తరగతి గదిని మరీ బంగారు కాలంలా చెప్పుకోవడం కూడా అబద్ధమే. బెంచీల్లోనూ కులం కనపడేది. సోషల్ వెల్ఫేర్ హాస్టల్ పిల్లలు చాలాచోట్ల ఓ పక్కగా ఉండిపోయేవాళ్లు. ఏడో తరగతి కామన్ పరీక్ష దగ్గరే బడి మానేసినవాళ్లు పదో తరగతి గ్రూపు ఫొటోలోనే లేరు. మార్చిలో తప్పి సెప్టెంబర్‌లో గట్టెక్కినవాళ్లు, అసలు గట్టెక్కనివాళ్లు "మాది ఆ బ్యాచేనా?" అని ఇప్పటికీ సందేహపడతారు. ఫ్లెక్సీ మీద "1984-85 పదో తరగతి బ్యాచ్" అని రాసినప్పుడు ఆ గీత ఎవరిని బయట పెడుతోందో నిర్వాహకులు ఒక్కసారి చూసుకోవాలి. ఆరో తరగతి నుంచి కలిసి చదివిన వాళ్లందరినీ పిలిచిన బ్యాచ్‌లు ఉన్నాయి. అదే సరైన పద్ధతి.

యాభై దాటాకే ఎందుకు గుర్తొస్తుంది?

పిల్లలు స్థిరపడ్డారు, తీరిక దొరికింది అన్నది పైకి కనిపించే కారణం. కొంత నిజం కూడా. 1980లో పదో తరగతి రాసినవాళ్లు 1964, 65 ప్రాంతాల్లో పుట్టారు. ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. అంటే బడిలో కలిసి చేరినవాళ్లు ఇంచుమించు కలిసే ఇంటికొస్తున్నారు. దీంట్లో ఒక తమాషా ఉంది. ఆ తరంలో చాలామందికి పుట్టినతేదీ బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు వేసిందే. బడులు తెరిచే రోజుల లెక్క చూసుకుని జూన్‌లోనో జూలై 1 అనో వేసేసేవారు. అందుకే ఈ గ్రూపుల్లో జూలై 1న పుట్టినరోజు శుభాకాంక్షలు వరదలా వస్తాయి, పుట్టినవాళ్లు మాత్రం "నేను పుట్టింది కార్తీకంలోరా" అంటుంటారు. నెల మొదటి తేదీన పుట్టినవాళ్లు అంతకుముందు నెల చివరిరోజే రిటైర్ అవుతారు కాబట్టి, ఏటా జూన్ 30న శాలువాల ఫొటోలు కూడా కట్టలుగా వచ్చిపడతాయి.

తీరిక ఒక్కటే అయితే పేకాటతోనో టీవీతోనో సరిపోయేది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్సన్ చెప్పేదేమిటంటే, ముందు చాలా కాలం ఉందనుకున్నప్పుడు మనిషి కొత్త పరిచయాలు వెతుకుతాడు. మిగిలిన కాలం తక్కువని తోచినప్పుడు మనసుకు దగ్గరైన పాతవాళ్ల వైపు తిరుగుతాడు. దీనికి జ్ఞాపకం కూడా తోడవుతుంది. నలభై దాటినవాళ్లని జీవితంలో గుర్తున్నవి చెప్పమంటే, పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని పరిశోధకులు చాలాసార్లు గమనించారు. మొన్న ఏం కూర తిన్నామో గుర్తుండదు. తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు ఎవరిని ఎందుకు కొట్టారో గుర్తుంటుంది.

1975లో మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ బాహ్రిక్ బృందం అమెరికాలో 392 మందిని ఇదే విషయంలో పరీక్షించింది. హైస్కూలు క్లాస్‌మేట్ల పేర్లు తమంతట తాము చెప్పమంటే ఏళ్లు గడిచేకొద్దీ బాగా తడబడ్డారు. ఫొటోలు చూపిస్తే మాత్రం దాదాపు 35 ఏళ్ల తర్వాత కూడా పదింట తొమ్మిది ముఖాలు గుర్తుపట్టారు. గ్రూపు పెట్టిన కొత్తలో ఎవరో పెట్టె అడుగునుంచి తీసిన పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో పెట్టగానే అంత హడావుడి ఎందుకు జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పేరు నోటికి రాదు గానీ "రెండో వరసలో చివర నిలబడ్డవాడు, వాళ్ల నాన్న కల్లు గీసేవాడు" అని ముఖం చెప్పేస్తుంది.

ఇక ఫోను సంగతి. ఇన్‌లాండ్ లెటర్లు, ఎస్టీడీ బూత్‌ల రోజుల్లో అడ్రసు మారితే మనిషి పోయినట్టే. 2004లో వచ్చి 2014లో మూతపడ్డ ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైటు, కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లనే కలిపింది. వాట్సాప్‌లో గ్రూపులు 2011 నుంచీ ఉన్నా, 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక గానీ ఊళ్లో పొలం చేసుకునే స్నేహితుడు గ్రూపులోకి రాలేదు. అతను వచ్చాకే అది నిజంగా పదో తరగతి బ్యాచ్ అయింది.

రిజిస్టరులో పేరు, ఊళ్లో మనిషి

మనుషుల్ని వెతకడం ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు చూపించమంటారు. బీరువాలోంచి అట్ట ఊడిన పొడవాటి పుస్తకం వస్తుంది. అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, కులం, ఊరు, బడి వదిలిన తేదీ, టీసీ నంబరు. అందులో లక్ష్మిలు నలుగురు, శ్రీనులు ఐదుగురు. తండ్రి పేరు, ఊరు పట్టుకుని ఒక్కొక్కరినీ విడదీయాలి. తర్వాత ఆ ఊరెళ్లి రేషన్ డీలర్‌నో ఆశా వర్కర్‌నో అడగాలి. "ఆ వెంకటేశ్వర్లు పోయి పదేళ్లయింది గానీ వాళ్లబ్బాయి సెంటర్లో సెల్ షాపు పెట్టాడు" అంటారు. అక్కణ్నుంచి ఒక నంబరు, ఆ నంబరు నుంచి ఇంకో నంబరు.

ఒక్క జాగ్రత్త. ఆ రిజిస్టరు పేజీని ఫొటో తీసి గ్రూపులో పెట్టకూడదు. అందరి కులం, పుట్టినతేదీ అందులో ఉంటాయి. పేర్లు వేరే కాగితం మీద రాసుకుంటే చాలు.

అన్నిటికంటే కష్టం అమ్మాయిల్ని వెతకడం. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. నంబరు దొరికినా ఫోను తీసేది భర్తో కొడుకో. "మా అమ్మతో మీకేం పని?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేసిన మగవాళ్లు ఉన్నారు. ఈ పని ఆడవాళ్లే చేస్తే జరుగుతుంది. ఒకామె దొరికితే ఆమె చేతే మిగతావాళ్లకు ఫోన్ చేయించాలి. చాలా బ్యాచ్‌లలో ఆడవాళ్లు వేరే గ్రూపు పెట్టుకుంటారు. మగవాళ్లు దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో ఒకే తరగతిలో ఐదేళ్లు చదివి కూడా అబ్బాయిలూ అమ్మాయిలూ నాలుగు మాటలు మాట్లాడుకుని ఎరగరు. యాభై ఐదేళ్ల వయసులో ఎదురుపడితే "నువ్వు" అనాలా "మీరు" అనాలా అన్న దగ్గరే ఆగిపోతారు. కొందరు "అమ్మా" అంటారు, కొందరు "ఏవండీ టీచరుగారూ" అని హోదా పట్టుకుంటారు. నిజానికి పాత స్నేహం మళ్లీ కలవడం కంటే, అప్పుడు కుదరని పరిచయం ఇప్పుడు కుదరడమే వీళ్ల మధ్య ఎక్కువ.

మైకు, చందా

సమ్మేళనం రోజు కార్యక్రమం మీకు తెలిసిందే. ప్రార్థన, పోయిన స్నేహితులకు రెండు నిమిషాల మౌనం, గురువులకు శాలువా, మెమెంటో, భోజనాలు, గ్రూపు ఫొటో. వీటి మధ్యలో "పరిచయ కార్యక్రమం" అని ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరూ మైకు ముందుకొచ్చి పేరు, ఉద్యోగం, పిల్లలేం చేస్తున్నారో చెప్పాలి. నన్నడిగితే ఇది ఆ రోజంతటిలో క్రూరమైన అరగంట. "మా పెద్దబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి సిడ్నీలో" అని చప్పట్లు కొట్టించుకున్నవాడి తర్వాత, పిల్లలు లేనామె ఏం చెప్పాలి? అప్పులపాలై ఇల్లు అమ్ముకున్నవాడు ఏం చెప్పాలి? మరుసటి ఏడు వాళ్లు రారు. "పొలం పనులున్నాయిరా" అంటారు. కొన్ని బ్యాచ్‌లు తెలివిగా ఆ మైకులో ఉద్యోగం ఊసెత్తకుండా ఒక్క బడి జ్ఞాపకం మాత్రమే చెప్పమంటున్నాయి. నవ్వులూ ఎక్కువ, నొప్పీ తక్కువ.

చందాదీ ఇదే గొడవ. "తలా మూడు వేలు" అని గ్రూపులో పెట్టి, కట్టినవాళ్ల పేర్ల పక్కన టిక్కులు పెడుతూ పోతే, కట్టనివాళ్ల జాబితా దానంతటదే తయారవుతుంది. కూలికి వెళ్లే మనిషికి మూడు వేలంటే ఎన్ని రోజుల పని! ఎవరెంత ఇచ్చారో ఒక్క కోశాధికారికి మాత్రమే తెలియాలి, మొత్తం జమ, మొత్తం ఖర్చు అందరికీ తెలియాలి. ఈ రెండూ పాటించిన చోట గొడవలు తక్కువ.

బడికి ఏదైనా ఇద్దామనుకున్నప్పుడు ఆర్‌ఓ ప్లాంటు, బెంచీలు, స్టేజీ అందరికీ ముందు తడతాయి. ప్లాంటు మీద దాతల పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. రెండేళ్లకి ఫిల్టర్ మార్చేవాడు ఉండడు. కొత్తది కొనడం కంటే ఉన్నదాన్ని నడిపించడానికి ఏటా కొంత ఇస్తామంటే హెడ్‌మాస్టర్లు ఎక్కువ సంతోషిస్తారు, ఫొటోకి మాత్రం అది పనికిరాదు.

డబ్బు పెద్దదైతే సొసైటీగా రిజిస్టర్ చేయించుకోవడం మంచిది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. విదేశాల్లో ఉన్నవాళ్లు పంపే డబ్బు దగ్గర ఒక మెలిక ఉంది. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే అమెరికా పౌరసత్వం తీసుకున్న స్నేహితుడు పంపితే, అతని దగ్గర ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా సొసైటీ ఖాతాలో వేయించుకుంటే తర్వాత తలనొప్పి. ఒకే బెంచీలో కూర్చున్న ఇద్దరిలో ఒకరి డబ్బు చెల్లి, ఇంకొకరిది చెల్లకపోవడం విడ్డూరంగా ఉంటుంది కానీ నిబంధన అదే.

గ్రూపు ఎందుకు చల్లబడుతుంది?

రాబిన్ డన్‌బర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మనిషి చుట్టూ ఉండే సంబంధాలకు లెక్క కట్టాడు. ప్రాణం పెట్టేవాళ్లు ఐదుగురు, దగ్గరి స్నేహితులు పదిహేను, స్నేహితులు అనుకునేవాళ్లు యాభై, మొత్తం మీద నూటయాభై. ఈ అంకెల మీద వాదాలున్నా, బ్యాచ్ గ్రూపులకి మాత్రం బాగా పనికొస్తాయి. ఎనభై మంది ఉన్న గ్రూపులో అందరూ అందరికీ దగ్గరవ్వాలని చూడటమే మొదటి పొరపాటు. ఊరి వారీగానో బెంచీ వారీగానో అయిదారుగురు ఎలాగూ ఫోన్లు చేసుకుంటూ ఉంటారు. అసలు స్నేహం అక్కడే నడుస్తుంది. పెద్ద గ్రూపు పని వార్త చేరవేయడం, అంతే. అది మూగగా ఉందంటే చచ్చిపోయిందని కాదు.

అందుకే రెండు గ్రూపులు పెట్టుకున్నవాళ్లు సుఖపడుతున్నారు. ఒకటి అడ్మిన్లు మాత్రమే రాసేది, అందులో పెళ్లి, చావు, ఆసుపత్రి, సమ్మేళనం తేదీ తప్ప ఇంకేమీ ఉండవు. రెండోది కబుర్లకి, ఇష్టమున్నవాళ్లే ఉంటారు. 2018 నుంచి వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే రాసే ఈ సౌకర్యం ఉంది. కబుర్ల గ్రూపు భరించలేనివాళ్లకి శాశ్వతంగా మ్యూట్ చేసే వీలు ఉంది. 2022 నుంచి చప్పుడు లేకుండా బయటికి వెళ్లిపోవచ్చు కూడా, అడ్మిన్లకు తప్ప ఎవరికీ కబురు వెళ్లదు. "ఎందుకు వెళ్లిపోయాడు? ఎవరేమన్నారు?" అనే పంచాయితీలు దాంతో కొంత తగ్గాయి.

గుడ్ మార్నింగ్ బొమ్మల్ని మాత్రం నేను వెనకేసుకొస్తాను. అందరూ విసుక్కుంటారు గానీ, ఒంటరిగా ఉండే మనిషికి అది రోజూ వేసే హాజరు. రోజూ ఆరింటికి తామరపువ్వు పెట్టే మనిషి రెండ్రోజులు పెట్టకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఇంకా ఏం కావాలి?

ఒక ప్రమాదం గురించి కూడా చెప్పుకోవాలి. "అర్జెంటుగా ఇరవై వేలు పంపు, సాయంత్రం ఇచ్చేస్తా" అని క్లాస్‌మేట్ నంబరు నుంచే మెసేజ్ వస్తుంది. ఓటీపీ లాగేసి అతని వాట్సాప్‌ని ఎవడో చేజిక్కించుకుని ఉంటాడు. పాత స్నేహం కదా అని మొహమాటంతో పంపేవాళ్లే వీళ్లకి దొరికేది. ఫోన్ చేసి గొంతు విన్నాకే పంపాలి. పంపేశాక తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బీమా పాలసీలు, వెంచర్ ప్లాట్లు, చిట్టీలు గ్రూపులో అమ్మేవాళ్లది మోసం కాకపోవచ్చు, కానీ గ్రూపుని చంపేయడంలో వాళ్లూ తక్కువ తినలేదు.

అవసరానికి పనికొచ్చేది

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక మాట రాశాడు. మనకి కొత్త సమాచారం తెచ్చేది ప్రాణస్నేహితులు కాదు, అంతంతమాత్రం పరిచయమున్నవాళ్లే. ప్రాణస్నేహితులకు తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది. 2011లో ఇంకో పరిశోధక బృందం ఏళ్ల తరబడి మాటల్లేని పాత పరిచయాల మీద పని చేసి, వాళ్లని మళ్లీ కదిలిస్తే కొత్త సంగతులూ వస్తాయి, పాత నమ్మకమూ ఉంటుందని తేల్చింది. వాళ్లు చూసింది ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని. పదో తరగతి బ్యాచ్‌లో ఇది ఆసుపత్రి దగ్గర కనిపిస్తుంది.

పల్లెలో ఉన్న స్నేహితుడికి హైదరాబాద్ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అంటే, డబ్బుకంటే ముందు కావాల్సింది దారి తెలిసిన మనిషి. ఏ కౌంటర్ దగ్గరికి వెళ్లాలి, ఆరోగ్యశ్రీ కింద ఈ జబ్బు వస్తుందా, ఏ కాగితం మర్చిపోకూడదు, రాత్రి తోడున్నవాళ్లు ఎక్కడ పడుకోవాలి. బ్యాచ్‌లో ఒక నర్సో, ల్యాబ్ టెక్నీషియనో, ఆ ఊళ్లో ఆటో నడిపేవాడో ఉంటాడు. నాకు తెలిసిన ఒక బ్యాచ్‌లో ఇంజినీర్లు డబ్బు వేశారు. కానీ వారం రోజులు రాత్రిళ్లు మంచం పక్కన కూర్చున్నది, సెలవు అడగాల్సిన అవసరం లేని ఒక టైలరు. ఎవరిది పెద్ద సాయం అని ఆ గ్రూపులో ఎవరూ అడగలేదు.

సాయం ఒకటి రెండుసార్లు అయ్యాక పద్ధతి లేకపోతే బెడిసికొడుతుంది. మొదటివాడికి లక్ష పోగై, మూడోవాడికి ఎనిమిది వేలే వస్తే ఆ కుటుంబం మనసులో పడే ముల్లు తీయడం కష్టం. ఇచ్చేది తిరిగి అడగని సాయమా, అప్పా అన్నది మొదటే తేల్చాలి. ఎంత వచ్చిందన్నది గ్రూపులో ప్రకటించకుండా నేరుగా ఇంటికి చేర్చాలి.

రానన్నవాళ్లు

ఎంత పిలిచినా రానివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నిర్వాహకులు దీన్ని పొగరు అనుకుంటారు. చాలాసార్లు అది కాదు. ఆ బడిలో ఒకడిని కులం పేరుతో పిలిచారు. ఒకమ్మాయి కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే వెనక అనుకరించి నవ్వారు. ఫీజు కట్టలేదని ఒకడిని గుమ్మం బయట నిలబెట్టారు. అందరూ మైకులో నవ్వుతూ చెప్పుకునే మాస్టారి బెత్తం ఎప్పుడూ ఒకే ఒక్కడి వీపు మీద విరిగి ఉండొచ్చు. వాళ్లకి గుర్తొచ్చే హైస్కూలు వేరు.

అలాంటివాళ్లకి పదిమంది చేత ఫోన్లు చేయించడం, అడక్కుండా గ్రూపులో చేర్చడం, చేర్చాక "హీరో వచ్చాడ్రా" అని పాత వెక్కిరింపు పేరుతో ఆహ్వానించడం, ఈ మూడూ జరుగుతుంటాయి. ఎవరో ఒకరు ఒక్కసారి ఫోన్ చేసి, తేదీ చెప్పి, ఆ రోజుల్లో అన్నదానికో నవ్విందానికో తప్పైందని చెప్పాలనుకుంటే అది కూడా చెప్పి, నంబరు ఇచ్చి ఊరుకోవాలి. సమాధానం కోసం మళ్లీ ఫోన్ చేయకూడదు.